తొమ్మిది పిండిమరలు, ఒకే అబద్ధం

కరీముల్లా స్కూటర్ మీద నుంచి దిగనంటున్నాడు.

జమ్మలమడుగులో ఆనందమ్మ ఇంటి ముందు వీధి సగం నిండిపోయింది. స్కూటర్ తాళంచెవి ఆనందమ్మ కూతురు జాస్మిన్ చేతిలో ఉంది. స్కూటర్ మాత్రం కరీముల్లా కింద ఉంది. వెనక కట్టిన పెట్టెలో జొన్నరొట్టెలు, హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో చెనక్కాయల ఊరిబిండి పచ్చడి. మధ్యాహ్నం గంట కొట్టేలోగా అవి కాలేజీ హాస్టలుకు చేరాలి.

"దిగన్నా. రొట్టెలు చల్లారిపోతాండాయి," అంది జాస్మిన్.

"తాళంచెవి ఇయ్యి, దిగుతా. దిగి మళ్ళా ఎక్కి ప్రొద్దుటూరికి తోలుకపోతా. రొట్టెలు నువ్వు దించుకో."

"బండి లేకుంటే ఈ రొట్టెలు యాడ అమ్మేది?"

"నన్నడిగితే ఎట్ల పాపా? నేను వసూలుకొచ్చినోన్ని. యాపారం నేర్పీనీకి రాలే."

గుంపులో ఎవరో నవ్వారు. జాస్మిన్‌కు నవ్వు రాలేదు. ఈ బండి పోతే కొత్త బతుకు మొదలైన రెండో నెలలోనే ముగిసిపోతుంది.

నిన్నమొన్నటి దాకా ఆమె ప్రొద్దుటూరులో మెహతాబ్ హోం మిల్స్‌లో సేల్స్ ఏజెంటు. ఇంట్లో పెట్టుకునే కరెంటు పిండిమరలు అమ్మేది. మర ఎట్లా పనిచేస్తుందో చూపించడానికి కొనేవాళ్ళ ఇంట్లోనే గిద్దెడు జొన్నలు ఆడించి, ఆ పిండితో రెండు రొట్టెలు చేసి పెట్టేది. రొట్టెలు తిన్నవాళ్ళలో సగం మంది మర సంగతి మరిచిపోయి, "రేపు ఇంకో పది రొట్టెలు చేసిస్తావా?" అని అడిగేవాళ్ళు. అలా అడిగించుకుని అడిగించుకుని, ఒక రోజు ఉద్యోగానికి దండం పెట్టి రొట్టెల వ్యాపారంలో దిగింది.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ కంపెనీలో మర అమ్మిన రోజే ఏజెంటు చేతికి కమీషన్ ఇస్తారు. అయితే అది అడ్వాన్సు కిందే లెక్క. కొన్నవాళ్ళు మూడు నెలల్లోగా మరను వెనక్కి ఇచ్చేస్తే ఆ కమీషన్ సంపాదించనట్టే, కంపెనీకి తిరిగి కట్టాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకైతే తర్వాతి కమీషన్‌లో కోసుకుంటారు. మానేసినవాళ్ళ ఇంటికి కరీముల్లా వస్తాడు.

జాస్మిన్ మానేశాక తొమ్మిది మరలు వెనక్కి వచ్చాయి. తొమ్మిదీ పులివెందులలో ఒకే వీధి నుంచి. మరకు మూడు వేల చొప్పున ఇరవై ఏడు వేలు ఆమె కట్టాలి. ఆ డబ్బు ఎప్పుడో ఈ స్కూటర్ అయిపోయింది.

"మెహతాబ్ సార్‌కు ఫోన్ చెయ్యి," అంది జాస్మిన్. "స్పీకర్‌లో పెట్టు. వీధిలో అందరూ వినాల."

కరీముల్లా బండి మీద నుంచి కదలకుండానే ఫోన్ చేశాడు.

"సార్, జాస్మిన్‌ని. తొమ్మిది మందీ మర ఎందుకు ఎనక్కిచ్చినారంట?"

"పిండి బరగ్గా పడతాందంట," అన్నాడు మెహతాబ్ విసుగ్గా.

"తొమ్మిది మందీ అదే మాట చెప్పినారా?"

"అదే మాట."

"సన్నగా కావాలంటే జల్లెడ మార్చుకోవాల. ఆ మార్చేది తొమ్మిదిండ్లలో నేనే చూపించినా. వాండ్ల చేతుల్తో మార్పించినా. ఇది ఎవురో నేర్పించిన మాట సార్. ఒకరు ఎనకుండి నడిపిస్తాండారు."

మెహతాబ్ వ్యాపారి. తన వెనక ఎవరో ఉన్నారంటే అతనికి నిద్ర పట్టదు.

"నా యాపారం చెడగొట్టేవాడు ఒకడుండాడంటావా?"

"ఉండాడు."

"అయితే ఇను. సాయంత్రం లోపల వాన్ని పట్టి నాకు చూపియ్యి. ఆ బాకీ నీ పేరున కొట్టేసి వాని పేరున రాపిస్తా. నా నోటితో నేనే చెప్పి రాపిస్తా. పట్టియ్యలేకపోతే బండి నాది. కరీముల్లా, నువ్వు ఆ బండి దిగద్దు."

"దిగను సార్," అన్నాడు కరీముల్లా.

ఆనందమ్మ రొట్టెల పెట్టె దించుకుని షేర్ ఆటో ఎక్కింది. ఎక్కుతూ రెండు రొట్టెలు ఊరిబిండి రాసి కరీముల్లా చేతిలో పెట్టింది. "తిను నాయనా. నా బిడ్డ బండి మీద ఖాళీ కడుపుతో కూర్చోవద్దు."

కరీముల్లా నమలడం మొదలుపెట్టి, సగం దాకా వచ్చాక ఆగి, రొట్టె వైపు అనుమానంగా చూశాడు. "పాపా, నువ్వు మరలు అమ్మి తప్పు చేసినావు. మొదట్నుంచి ఇయ్యే అమ్మాల్సింది."

"కొంచెం ఎనక్కి జరుగు. నేను తోలాల."

అతను దిగకుండానే వెనక సీటు మీదికి జరిగాడు.

*

జాస్మిన్ అనుమానం ఫర్హాన్ మీద. ఆమెతో పాటే మెహతాబ్ దగ్గర పనిచేసి, పోటీ కంపెనీకి పోయినవాడు. పులివెందుల ఆ వీధి అతనికీ బాగా తెలుసు. కరీముల్లాకు కూడా ఆ మాట నచ్చింది. "వాడే. వాని మీసం సూస్తేనే తెలుస్తాది," అన్నాడు.

ప్రొద్దుటూరు బట్టల బజారులో ఒక టీ కొట్టు ముందు ఫర్హాన్ కనిపించాడు. అతనూ వీళ్ళను చూశాడు. చూసిన వెంటనే టీ గ్లాసు బెంచీ మీద పెట్టి పరుగెత్తాడు.

"చెప్పినానా? వాడే," అంటూ కరీముల్లా బండి మీద నుంచి ఒక కాలు దించి, మళ్ళీ ఎత్తుకున్నాడు. "దిగద్దన్నాడు సార్."

"అన్నా, వాడు పోతాండాడు."

"నేను దిగితే నువ్వు బండి తీస్కపోతావు."

"యాడికి పోతా? నా కేసు వాని కాళ్ళల్లో ఉరుకుతాంది."

కరీముల్లా తన జీవితంలో మొదటిసారి ఒక వసూలును వదిలి నేల మీద కాలు పెట్టాడు. తర్వాత అతన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. చీరల మూటలు మోసుకుపోతున్న బండిని దాటాడు, పెళ్ళి బట్టలు కొంటున్న కుటుంబం మధ్యలోంచి "సారీ అత్తా" అంటూ దూరాడు. జాస్మిన్ అటుపక్క సందులోంచి స్కూటర్‌తో చుట్టుకుని వచ్చింది. మధ్యలో చిక్కిన ఫర్హాన్ ఒక చీరల అంగడిలో దూరి, పరుపు మీద ఆడవాళ్ళ పక్కన కూర్చుని, ఒక కంచిపట్టు చీర ఒళ్ళో పరుచుకున్నాడు.

"ఈ రంగు నీకు బాగుండాది," అంది జాస్మిన్ గుమ్మంలో నిలబడి. "ఇంగ లెయ్యి."

ఫర్హాన్ రెండు చేతులూ ఎత్తాడు. "అక్కా, నెల టైమియ్యమని మా సార్‌కు చెప్పండి. కడతా. ఎగ్గొట్టను."

"ఏంది కట్టేది?"

"కమీషన్ అడ్వాన్సు. మీరు దానికి రాలేదా? కరీముల్లా అన్న మా కంపెనీలో కూడా చేరినాడని ఎవురో అంటే..."

కరీముల్లా ఆయాసపడుతూ పరుపు మీద కూలబడ్డాడు. "ఒక కంపెనీకే నా మోకాళ్ళు పోయినాయి. రొండో కంపెనీ యాడిది?"

విషయం బయటపడింది. ఫర్హాన్ కూడా పులివెందుల అదే వీధిలో ఆరు మరలు అమ్మాడు. ఆరూ వెనక్కి వచ్చాయి. అతనూ తన కంపెనీకి బాకీ పడ్డాడు.

"ఏం చెప్పి ఎనక్కిచ్చినారు?" అడిగింది జాస్మిన్. అడుగుతున్నప్పుడే ఆమెకు జవాబు తెలుసు.

"పిండి బరగ్గా పడతాందంట."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంగడి యజమాని చీర తీసుకుంటారా లేదా అని అడిగాడు.

"పోటీ కంపెనీ పని కాదు," అంది జాస్మిన్. "రొండు కంపెనీలకూ దెబ్బ పడింది. ఆ వీధిలోనే ఎవురో ఉండారు."

"ఒక మాట," అన్నాడు ఫర్హాన్. "నేను పోయి అడిగినప్పుడు ఒక ఇంట్లో జొన్నరొట్టెలు కాలుస్తాండారు. ఇంట్లో మర లేదు. బజారులో మర వాన్ని అడిగితే ఆ వీధోళ్ళు తన దగ్గరికి వచ్చి శానా దినాలైందన్నాడు. మర లేకుండా పిండి యాడినుంచి వస్తాంది?"

జాస్మిన్ అప్పటికే స్కూటర్ స్టార్ట్ చేసింది. కరీముల్లా పరుగున వచ్చి ఎక్కాడు. ఈసారి జప్తు గుర్తుకు రాలేదు. దొంగ ఎవరో తెలుసుకోకుండా అతనికి ఇంక ఊపిరాడదు.

*

వేంపల్లె మీదుగా పులివెందుల చేరేసరికి ఎండ కొంచెం తగ్గింది. దారంతా కరీముల్లా ఆ దొంగను ఊహిస్తూనే ఉన్నాడు. పెద్ద ముఠా అన్నాడు. పాత మరల వ్యాపారం అన్నాడు. చివరికి వెనక్కి వచ్చిన మరలను హైదరాబాదులో అమ్ముకునే ఒక నల్ల కళ్ళద్దాల మనిషిని తయారుచేసి, అతనికి ఒక కారు కూడా ఇచ్చాడు.

మొదటి ఇల్లు రిహానాది. జాస్మిన్ దగ్గర మర కొన్న మొట్టమొదటి మనిషి. తలుపు తీసి, జాస్మిన్‌ను చూసి సంతోషపడి, వెనక నిలబడ్డ కరీముల్లాను చూసి గంభీరంగా మారిపోయింది.

"పిండి బరగ్గా పడతాంది," అంది, ఎవరూ ఏమీ అడగకముందే.

"నేనింకా అడగలేదు గదా అక్కా."

"అడిగితే చెప్దామని."

"దప్పికైతాంది, రవ్వన్ని నీళ్ళిస్తావా?"

రిహానా చెంబు తేవడానికి తిరిగింది. గుమ్మం పక్కనే మూత లేని డబ్బాలో జొన్నపిండి. జాస్మిన్ వంగి చెయ్యి పెట్టింది. మెత్తగా ఉంది. వెచ్చగా కూడా ఉంది. ఆడించి పావుగంట కూడా అయి ఉండదు.

నీళ్ళు తాగి, చెంబు తిరిగిచ్చి, "బాగుండాయి అక్కా," అని బయటికి వచ్చేసింది.

"ఏంది, అడగకుండానే వచ్చేస్తివి?" అన్నాడు కరీముల్లా.

"అడిగితే ఆయమ్మ చెప్పదు. కాళ్ళు చెప్తాయి. ఈడ నిలబడు."

వీధి చివర సోడా బండి వెనక ఇద్దరూ నిలబడ్డారు. కాసేపటికి ఒక ఇంట్లోంచి ఒక ఆడమనిషి కొంగు కింద డబ్బాతో బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసి సందులోకి తిరిగింది. తర్వాత ఇంకొకామె. ఆమె వెనక బుర్ఖాలో ఇద్దరు, ఇద్దరి చేతుల్లోనూ మూటలు. వెళ్ళేటప్పుడు మెల్లగా, వచ్చేటప్పుడు నవ్వుకుంటూ.

"సారా కాస్తాండారా ఏంది?" అన్నాడు కరీముల్లా గొంతు తగ్గించి.

"డబ్బాలు చూడు. వచ్చేటప్పుడు పైన తెల్లగా ఉండాయి."

సందు చివర ఆకుపచ్చ తలుపుల ఇల్లు. లోపల టీవీ చెవులు పగిలేలా మోగుతోంది. టీవీ కింద ఇంకో చప్పుడు ఉంది. ఎడతెగకుండా, బరువుగా. నూట ఇరవై ఇండ్లలో ఆ చప్పుడు వినిపించి డబ్బు సంపాదించిన జాస్మిన్‌కు అది ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

తలుపు తోసింది.

పెద్ద హాలు. గోడల వెంట చాప మీద పదిమంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ముందు ఒక డబ్బా. ఒకామె చేటలో రాగులు చెరుగుతోంది. ఒకామె పక్కింటి కోడలి గురించి చెబుతుంటే మిగతావాళ్ళు కళ్ళు తుడుచుకునేంత నవ్వుతున్నారు. నడుమ, హోటళ్ళలో పెట్టే సైజు పిండిమర. దాని పక్కన ఎత్తు పీట మీద, కనుబొమల దాకా పిండి పడిన ఒక పెద్దామె, ఒక చేత్తో జొన్నలు పోస్తూ ఇంకో చేత్తో టీవీ రిమోట్ పట్టుకుని ఉంది.

"జొన్నలా, రాగులా?" అని అడిగింది తల తిప్పకుండానే. "జొన్నలైతే ఆ పక్క. రాగులు నాలుగు దాటినాక."

"దొరికింది," అంది జాస్మిన్ మెల్లగా. "దొరికిందన్నా. ఇదే."

వెనక్కి తిరిగి చూస్తే, కరీముల్లా ఆమెను చూడటం లేదు, మరను చూడటం లేదు. గోడ మీద ఉన్న ఫోటోను చూస్తున్నాడు. అందులో పూలదండలు వేసుకుని, షోరూం రిబ్బను కత్తిరిస్తూ, పెద్ద సారు మెహతాబ్.

"పాపా," అన్నాడు కరీముల్లా. "పోదాం పా. శానా ఆలస్యమైతాంది."

"ఎందుకు పోయేది?"

"బండి నువ్వే పెట్టుకో. బాకీ నేను కడతా. నెలకు రవ్వంత కడతా. పోదాం పా."

"ఎవురన్నా ఈయమ్మ?"

"నాకు తెలీదు. నాకు ముగ్గురు పిల్లోల్లు."

అప్పటికి పెద్దామె తిరిగి చూసింది. "రేయ్, నువ్వు నా కొడుకు దగ్గర పనిచేసేవాడివి గదా. షోరూం తెరిచిన దినం మూడు సార్లు బిర్యానీ పెట్టించుకున్నావు. రా, కూర్చో. ఈ బిడ్డెవురు?"

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ళలో ఆరేడు ముఖాలు జాస్మిన్‌ను గుర్తుపట్టి ఒక్కసారిగా డబ్బాల వైపు వంగాయి.

జాస్మిన్ ఆమె ముందు కూర్చుంది. "జేజీ, నేను ఈ వీధిలో మరలు అమ్మిన పిల్లని."

"ఓ, నువ్వేనా?" పెద్దామె ముఖం వెలిగిపోయింది. "రొట్టెలు శానా బాగా చేసినావంట. వీండ్లు చెప్పినారు. ఏమనుకోవద్దు బిడ్డా. ఒక్క వీధిలో పదహైదు మరలు తిరుగుతాంటే ఎవురి మాట ఎవురికీ వినపడదు. ఒకరింటికి ఒకరు పోయేదే మానుకున్నారు. నా కొడుకు ఈ పెద్ద మర పంపినాడు, చూపించేదానికి పెట్టుకో అమ్మీ అని. చూపించేది ఏముండాది, తిప్పేది గదా మర. నేనే చెప్పినా అందరికీ. మూడు నెలలు కాలేదు, ఇచ్చెయ్యండే, నా దగ్గర ఊరికే ఆడిచ్చుకోండి అని. ఏం చెప్పాల్నో కూడా నేనే నేర్పించినా."

"దుడ్లు తీసుకోవా?"

"ఇరుగుపొరుగు కాడ దుడ్లా? గుప్పెడు పిండి ఆ గంపలో ఏస్తారు. సాయంత్రం అందరం ఆ పిండితో రొట్టెలు కాల్చుకోని ఈడే తింటాం. నా కొడుక్కేం పోయింది? బో సంపాదిస్తాండాడు. మరలు మళ్ళా యాడో అమ్ముకుంటాడు."

"ఆయనకేం పోలేదు జేజీ," అంది జాస్మిన్. "నాకు పోయింది."

చెప్పింది. అమ్మిన రోజు చేతికొచ్చిన కమీషన్, మర వెనక్కి పోతే దాన్ని తిరిగి కట్టాలన్న రూలు, ఉద్యోగం మానేసిన సంగతి, వీధి వాకిట్లో జప్తుకొచ్చిన స్కూటర్. చెబుతున్నంతసేపూ పెద్దామె కనుబొమల మీది పిండి కదల్లేదు.

"ఆ దుడ్లు నువ్వు గట్టాల్నా?"

"అవును."

"నీ బండి గుంజకపోతారా?"

జాస్మిన్ కరీముల్లాను చూసింది. కరీముల్లా పైకప్పును చూశాడు.

"ఎవుడు పెట్టినాడు ఈ రూలు?"

ఒకరిద్దరు ఫోటో వైపు చూశారు. ఆ సమయంలోనే కరీముల్లా జేబులో ఫోన్ మోగింది.

"దొరికినాడా?" మెహతాబ్ గొంతు.

"దొరికినారు సార్."

"ఎవుడు వాడు?"

"ఫోన్లో చెప్పేది కాదు సార్. మీరే రావాల."

"వేంపల్లెలోనే ఉండా. వస్తాండా. వాన్ని కదలనీయొద్దు. యాడికి రావాల?"

కరీముల్లా కళ్ళు మూసుకున్నాడు. "పులివెందులలో మీ ఇంటికే సార్."

*

మెహతాబ్ కారు సందు మొదట్లో ఆగే సమయానికి జాస్మిన్ హాల్లోకి తెరుచుకునే వంటింట్లో రొట్టెలు తడుతోంది. పెద్దామె పెనం దగ్గర కూర్చుంది. వీధి ఆడవాళ్ళంతా తింటున్నారు. రిహానా ఎర్రకారం తెచ్చింది. ఒకామె "మాకెవరికీ తెలీదు పాపా, తెలిస్తే ఇస్తామా?" అని ఐదోసారి చెప్పి, ఐదో రొట్టె తీసుకుంది. కరీముల్లా మూల కూర్చుని ఉద్యోగంలో ఇదే చివరి భోజనమన్నట్టు తింటున్నాడు.

"యాడ వాడు?" అంటూ వచ్చాడు మెహతాబ్. పొడవాటి మనిషి, ఇస్త్రీ చొక్కా. హాలు నిండా డబ్బాలు చూశాడు. తిరుగుతున్న మరను చూశాడు. గంపలో పిండిని చూశాడు. వ్యాపారి కదా, లెక్క అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అమ్మీ," అన్నాడు. ఆ పిలుపు సగంలోనే నీరసించిపోయింది.

"రా బేటా. వేడిగా ఉండాయి, తిను. ఏదో మనిషి కోసం వచ్చినావంట?"

మెహతాబ్ గొంతు సవరించుకున్నాడు. "సరే జాస్మిన్. అయిపోయిందేదో అయిపోయింది. నీ బాకీ మాఫీ చేస్తాండా. బండి తీస్కపో. ఇంగ ఈ మాట వద్దు."

స్కూటర్ దక్కింది. జాస్మిన్ చేతులు పిండితోనే ఉన్నాయి. తుడుచుకుని లేచి నిలబడింది.

"మాఫీ వద్దు సార్."

కరీముల్లా నోట్లో రొట్టె ఆగిపోయింది.

"మాఫీ అంటే నేను బాకీ పడితిననీ, మీరు దయ చూపిస్తిరనీ అర్థం. పొద్దున మా వీధి వీధంతా చూసింది, ఈయన్న నా బండి మీద కూర్చున్నది. మీరు ఫోన్లో చెప్పింది కూడా అందరూ విన్నారు. ఎవురి వల్ల పడిందో వాండ్ల పేరున రాపిస్తానన్నారు. మీ నోటితోనే చెప్తానన్నారు."

"అట్ల అన్నావా?" అంది పెద్దామె.

"అమ్మీ, అది వేరే సంగతి."

"సంగతి ఒకటే. మాటిచ్చినావు, చెప్పు. ఆ దుడ్లు నెలనెలా నాకు పంపేదాంట్లో కోసుకో. ఈ బిడ్డ పేరు మీద ఒక్క రూపాయి కనపడితే రేపట్నుంచి ఈ మర ప్రొద్దుటూరులో నీ షోరూం ముందర పెట్టుకోని ఊరందరికీ ఊరికే ఆడిస్తా."

ఆమె ఆడిస్తుందని ఆ హాల్లో అందరికీ తెలుసు. అందరికంటే ఎక్కువగా మెహతాబ్‌కు తెలుసు. అతని పెదవి చివర ఏదో వణికింది. నవ్వు ఆపుకుంటున్నాడని జాస్మిన్‌కు కాస్త ఆలస్యంగా అర్థమైంది.

కరీముల్లా చేతులు కడుక్కుని వచ్చి, ఎంతో వినయంగా ఫోన్‌లో బాకీల లెక్క తెరిచి పట్టుకున్నాడు. "సార్, బాకీ ఎవురి పేరుకు మార్చమంటారు? పేరు పెట్టకపోతే ఆఫీసులో మళ్ళా నన్నే అడుగుతారు."

మెహతాబ్ ఏదో గొణిగాడు.

"వినపడలేదు సార్. మర సప్పుడు."

పెద్దామె లేచింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నడిచి వెళ్ళి మర ఆపేసింది. తర్వాత టీవీ కూడా ఆపింది. ఆ వీధిలో చాలా రోజుల తర్వాత అంత నిశ్శబ్దం వచ్చింది. ఆడవాళ్ళంతా రొట్టె ముక్కలు చేతుల్లోనే పట్టుకుని చెవులు రిక్కించారు.

"ఇప్పుడు చెప్పు బేటా. గట్టిగా చెప్పు."

మెహతాబ్ చేతులు కట్టుకున్నాడు. ఇంక ఆపుకోలేక నవ్వేస్తూ, సందు చివరిదాకా వినిపించేలా చెప్పాడు.

"తొమ్మిది మరలూ ఎనక్కి పంపించింది మా అమ్మ. రాసుకో. మెహరున్నీసా."